ఇనుము లేని మనుషులు

పొద్దున్నే పొలంలో అడుగు పెట్టేముందు ఎవరి ఒంటిమీదున్న ఇనుము వాళ్ళు తీసి, కారులో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యాలి. తాళాలు, బెల్టు, ఫోను, జడపిన్నులు, కళ్ళజోడు, అన్నీ. ఈ విషయంలో రుజ్జేరో మాష్టారు పాపాలు ఒప్పించే పాదిరీకన్నా మొండివాడు. ఒకసారి పన్నుకి తీగ కట్టించుకున్న మనిషిని పనిలోంచి వెనక్కి పంపేశాడు. ఆ పన్ను పీకించుకుని రమ్మన్నాడని కూడా అంటారు గానీ, అది పొతీతో అనే ముసలాయన కల్పించిన కథ. మాష్టారు మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆ మైదానం కింద పడుకున్న రోమునాటి పల్లెల్ని వెతుకుతూ, నడుముకి గోనెతాడు కట్టుకుని, కాళ్ళకి రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. మొదటిసారి చూసినవాళ్ళకి పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకొచ్చినవాడిలా కనిపిస్తాడు. నోట్లో ఎప్పుడూ సోపుగింజలు.

యంత్రం మోసేది కోరా. అసలు పేరు ఇంకొరొనాతా, అంత పేరుతో పిలిచేలోపు సాలు అయిపోతుందని మాష్టారే కుదించాడు. భుజానికి పట్టీ, పట్టీకి అడ్డకర్ర, కర్రకి రెండు కొసలా రెండు తెల్లటి గొట్టాలు. నేలమీద పరిచిన తాడు వెంట ఒకే వేగంతో, తూలకుండా, ఆగకుండా నడవాలి. ఒకప్పుడు తవ్వి పూడ్చినచోట మట్టి ఎన్నేళ్ళైనా ఆ సంగతి మర్చిపోదు. పక్క మట్టితో పోలిస్తే దాని అయస్కాంత గుణం రవంత తేడాగా ఉంటుంది, ఆ రవంతని గొట్టాలు పసిగడతాయి. అందుకే నడిచేవాళ్ళ దగ్గర ఇనుము ఉండకూడదు. మనిషి జేబులో తాళంచెవి ఉంటే యంత్రానికి రోము కనపడదు, తాళంచెవే కనపడుతుంది.

తాళ్ళు జరపడానికి కొత్తగా వచ్చిన మనిషి బకారీ. మాలీ దేశస్థుడు. రేకులూ ప్లాస్టిక్ గుడ్డలూ కట్టుకుని టమాటా కూలీలు ఉండే బస్తీనుంచి నడిచి వచ్చాడు.

"ఆ చేతికేంటయ్యా?" అన్నాడు మాష్టారు.

"కడియం సారూ."

"ఇనుమా?"

"మా నాన్న కొట్టింది. మేం కమ్మరివాళ్ళం."

"మీ నాన్నకి దండం. డబ్బాలో పడెయ్."

బకారీ కదల్లేదు. "ఇది చేతికెక్కాక దిగలేదు సారూ. స్నానానికి కూడా."

"స్నానం చేస్తావో మానతావో నీ ఇష్టం. ఇనుముతో మాత్రం నా తాడు ముట్టుకోకు."

బకారీ సీసాలో నీళ్ళు మణికట్టుమీద పోసుకుని, వేళ్ళన్నీ దగ్గరకి నొక్కిపెట్టి, నెమ్మదిగా తిప్పుతూ లాగాడు. కడియం ఉన్నచోట చర్మం పాలిపోయి, పట్టీ కట్టినట్టు కనపడింది. డబ్బాలో మాత్రం వెయ్యలేదు. కోరా చేతిలో పెట్టాడు.

"నువ్వు పెట్టక్కా. నా చేత్తో నేను పెట్టలేను."

వెచ్చగా ఉంది. ఆ రోజునుంచీ రోజూ పొద్దున్నే అదే తంతు. నీళ్ళు పొయ్యడం, తిప్పడం, ఆమె చేతిలో పెట్టడం.

అది తొర్రెబియాంకా అనే కమతం. టమాటా కోత అయిపోయింది. యంత్రం వదిలేసిన కాయలు సాళ్ళలో పుచ్చి, పులిసిపోయి, గాలి ఎటు వీస్తే అటు కుళ్ళు కంపు. చుట్టూ దిగంతం దాకా గాలిమరలు తిరుగుతున్నాయి. ఇక్కడా ఒకటి నిలబెడతారట. బావి పక్కన దానికి సిమెంటు దిమ్మ పోస్తారు. పొయ్యబోయే ముందు కింద పాతకాలపుది ఏదైనా ఉందేమో చూసి పటం గీసి ఇవ్వాలని ప్రభుత్వం నియమం. అందుకే మాష్టారు, అందుకే కోరా, అందుకే తాళ్ళు.

మధ్యాహ్నం రొట్టే, ఉల్లిపాయలూ, చేదాకుకూర వేసి ఉడికించిన నానుడు రొట్టే పట్టుకుని పొతీతో వచ్చేవాడు. కమతం కాపలాదారు, ట్రాక్టరు నడిపేది కూడా ఆయనే. కోరా నాన్నకి నేస్తం. చిన్నప్పుడు ఆమెని ట్రాక్టరు చక్రం పైనున్న మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. బూట్లకి ఇనప మేకులు ఉంటాయని మాష్టారు ఆయన్ని గట్టుదాటి రానిచ్చేవాడు కాదు. పొతీతో గట్టుమీదే కూర్చుని అక్కణ్ణుంచే కథలు విసిరేవాడు.

"ఇదీ ఒక ఎండేనా? మా నాన్న రోజుల్లో ఈ పొలంలో పుచ్చకాయ ఒకటి కాసింది. వాన వస్తే ఇద్దరు పోలీసులు గుర్రాలతో సహా దాని డొప్పలో తలదాచుకున్నారు."

"గుర్రాలు పుచ్చకాయ తినలేదా మామా?" అంది కోరా.

"తిన్నాయి. అందుకే పోలీసులు తడిశారు." పొతీతో రొట్టె విరిచి బకారీకి ఇచ్చాడు, మొహం వేరే వైపు తిప్పుకుని. అప్పటికి అది ఎవరూ పట్టించుకోలేదు. "ఏమయ్యా మాష్టారూ, మీ గొట్టాలకి బంగారం కనపడుతుందా?"

"బంగారం కనపడదు."

"బతికాం. ఆ బావి పక్కన మట్టి నల్లగా ఉంది చూడండి, అక్కడ బంగారు కోడి బంగారు పిల్లల్ని పొదుగుతోంది. ఎవరూ తవ్వకూడదు. మా తాత బావమరిది తవ్వాడు. చచ్చేదాకా గడ్డం ఒక పక్కే పెరిగింది."

"చిన్నప్పుడు నాకు చెప్పినప్పుడు కోడి గుట్టమీద బురుజు కింద ఉండేది కదా?"

"కోళ్ళకి కాళ్ళుంటాయమ్మా," అన్నాడు పొతీతో. టోపీ దులిపి, ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు.

బకారీ చిన్న పొయ్యి మీద టీ మరిగించి, గ్లాసులోంచి గ్లాసులోకి పైనుంచి వంచుతూ నురుగు తెచ్చాడు. ఒక గ్లాసు ఆమెకి ఇచ్చి, యంత్రం వైపు గడ్డంతో చూపించాడు.

"ఇది రెండువేల ఏళ్ళ గుంట చూస్తుంది కదక్కా. మూడేళ్ళ గుంట చూస్తుందా?"

"ఇంకా బాగా చూస్తుంది. ఎందుకు?"

"మా తమ్ముడు సేదూ. మూడేళ్ళ కిందట టమాటాలప్పుడు తెల్లారకముందే సైకిలెక్కి ఈ కమతానికి పనికొచ్చాడు. అంతే."

"అంతే అంటే?"

"ఫ్రాన్సు వెళ్ళిపోయాడంటారు. వెళితే సైకిలు నాకిచ్చి వెళ్ళేవాడు. నేనే వెనకాల ఇనప చువ్వలు వంచి నీళ్ళ డబ్బాకి చట్రం కట్టాను. దానికోసం రోజూ పోట్లాడేవాళ్ళం." టీ తాగి గ్లాసు కడిగాడు. "సారు తాళ్ళమనిషి కావాలంటున్నాడంటే పరుగెత్తుకొచ్చాను. తాడు జరిపే చోటల్లా కింద చూడొచ్చు కదా అని."

 ఆ సాయంత్రం సాళ్ళు బావి పక్కకి వచ్చాయి. నడుస్తుండగా యంత్రం తెరమీద అంకెలు ఒక్కసారి ఎగిరి, కిందపడి, సర్దుకున్నాయి. కోరా ఆగలేదు. ఆగకూడదు. తాడు చివరిదాకా నడిచింది.

పచారీకొట్టు పైన అద్దెకి తీసుకున్న గదిలో ఆ రోజు పటం తెరమీద విప్పారు. ఎప్పుడూ జరిగేదే అయినా ప్రతిసారీ మాష్టారు కుర్చీలో ముందుకి జరిగి నోట్లో గింజలు నమలడం ఆపేస్తాడు. బూడిదరంగులోంచి ముందు ఒక గీత, తర్వాత దానికి తోడు ఇంకోటి. ఇంటి చుట్టూ తవ్వుకున్న కందకం. మధ్యలో నలుచదరపు ఇల్లు. పక్కన ద్రాక్షతోట గాడులు, దువ్వెన పళ్ళలా వరసగా.

"అదిగో! కాపురం ఉన్నారమ్మా, బ్రహ్మాండంగా ఉన్నారు. ఇదిగో వాకిలి. ఇదిగో బండిబాట." ఆయన వేలు బావి దగ్గర ఆగింది. కందకం పొట్టలో ఒక మచ్చ. సగం నల్లగా, సగం తెల్లగా, కవలల్లా అతుక్కుని. "ఇనుము. తుడిచెయ్."

తుడిచెయ్యడం రోజూ చేసే పనే. ఇనుము కొత్తకాలానిది. నాగలికర్రు, బొక్కెన, గుర్రపు నాడా, ఒకసారైతే ఏకంగా మంచం. ఆ మచ్చలుంటే అసలు పటం కనపడదు కాబట్టి ఒక మీట నొక్కితే యంత్రమే వాటిని ఏరి, చుట్టూ ఉన్న బూడిదరంగుతో కప్పేస్తుంది. కోరా తన చేత్తో ఎన్ని వేల మచ్చలు కప్పిందో లెక్కలేదు.

"ఇది పెద్దది మాష్టారూ."

"పెద్ద నాగలి అయ్యుంటుంది."

"సైకిలు కావచ్చా?"

మాష్టారు ఆమెవైపు తిరిగి చూశాడు. బకారీ టీ దగ్గర చెప్పింది ఆయన చెవినా పడే ఉంటుంది, గట్టు అవతలే కూర్చున్నాడు.

"ఈ యంత్రానికి నాగలీ తెలీదు, సైకిలూ తెలీదు. ఇనుమని మాత్రమే తెలుసు. మనకీ అంతే తెలియాలి. తుడువు."

మీట నొక్కింది. మచ్చ పోయింది. కందకం ఏ లోపమూ లేకుండా సాఫీగా, అందంగా వంపు తిరిగింది. ఆ నున్నటి బూడిదరంగు వంకే చూస్తూ ఉంటే పొతీతో మాట గుర్తొచ్చింది. కోళ్ళకి కాళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళు బురుజు కింద కదలకుండా పొదిగిన కోడి, లేచి నడిచి, సరిగ్గా ఇక్కడికే వచ్చి కూర్చుంది.

*

ఠాణాలో ఆ ఉదయం ఉన్న అధికారి ఆమెని కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు, అంతా విన్నాడు. మర్యాదకి లోటు చెయ్యలేదు.

"పొలంలో ఇనుము ఉందంటారు."

"ఉంది."

"పొలంలో ఇనుము ఉండక మరి పియానో ఉంటుందా?" అని తన మాటకి తనే నవ్వుకుని, మళ్ళీ పెద్దమనిషి మొహం పెట్టాడు. "చూడమ్మా. ఆ కుర్రాడి పేరుతో ఈ దేశంలో ఏ కాగితమూ లేదు. వచ్చినట్టే దాఖలా లేదు. రాని మనిషి పోయాడని నేనెలా రాసుకోను? కమతం యజమాని దొన్ ఎర్మీనియో పొలంలో గుంట తవ్వాలంటే నా చేతిలో ఏదో ఉండాలి. మీ గొట్టాలు ఎగిరాయని జడ్జీకి చెప్పనా? వచ్చే వారం అక్కడ సిమెంటు పోస్తున్నారు, తెలుసు కదా."

తెలుసు. పోస్తే మరి ఆ దిమ్మ వందేళ్ళు కదలదు.

ఆమె అటునుంచి అటే కమతానికి వెళ్ళింది. పొతీతో కొట్టం ముందు కూర్చుని, మోకాళ్ళమధ్య రెల్లు పెట్టుకుని బుట్ట అల్లుతున్నాడు. ఆమెని చూడగానే మొహం విప్పారింది.

"రా పాపా, రా. నిన్న గాలికి మా గాడిద ఎగిరిపోయింది. పక్క జిల్లాలో దిగిందట. ఇప్పుడే కబురొచ్చింది, అక్కడ దానికి ఓటు హక్కు ఇచ్చారట."

"మామా, కోడి ఎందుకు కదిలింది?"

రెల్లు దూర్చిన వేలు అక్కడే ఆగింది. "ముసలాణ్ణి. కథలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి."

"నీకా? పుచ్చకాయలో పోలీసులు ఎందరో కూడా ఏనాడూ తప్పు చెప్పలేదు నువ్వు."

"ఎవరేం చెప్పారో నీకు. ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు, ఫ్రాన్సో ఎటో. యజమానే చెప్పాడు."

"ఏ కుర్రాడు మామా?" అంది కోరా. "నేను కోడి సంగతి అడిగాను."

గాలిమర ఒకటి దగ్గర్లోనే తిరుగుతోంది. దాని రెక్క నీడ కొట్టం గోడమీంచి, పొతీతో మొహంమీంచి, బుట్టమీంచి పోతూ, మళ్ళీ వస్తూ ఉంది. ఆయన రెల్లు వంచాడు. మరీ గట్టిగా వంచాడు, విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు.

"ఆ నెలలో పొగమంచు ఎలా ఉంటుందో నీకు తెలుసు," అన్నాడు. "ట్రాక్టరు మీద కూర్చుంటే మన చేతులే మనకి కనపడవు. దీపం బాగుచేయించమని అప్పటికి ఎన్నిసార్లు అడిగానో." విరిగిన రెల్లు పక్కన పడేశాడు. "ఈ ఇల్లు యజమానిది. మీ అత్త ఆ లోపలి గదిలో మంచాన పడి ఉంది. వెళ్ళు పాపా. వెళ్ళిపో."

"బకారీ రోజూ నీ చేతి రొట్టె తింటున్నాడు మామా."

"వెళ్ళమన్నానా?"

ఆమె వెళ్ళింది. కారులో కూర్చుని తాళంచెవి తిప్పకుండా చాలాసేపు ఉండిపోయింది. నాన్న పోయినరోజు శవపేటిక ముందుకొస మోసింది ఈయనే. ఈ సంగతి ఠాణాలో చెబితే ఆయన కాదంటాడు. ఆయన కాదంటే ఇక మిగిలేది ఇనుమే. ఇనుముని ఎవరూ తవ్వరు.

మరి దేన్ని తవ్వుతారు?

గదికి వచ్చి పటం తెరిచింది. తుడిచిన మచ్చని వెనక్కి తెచ్చింది. నలుపూ తెలుపూ కవలలు మళ్ళీ కందకంలో తేలాయి. ఎర్రగీతతో దాని చుట్టూ గుండ్రంగా గీసింది. పక్కన రాసింది: పెంకుల బట్టీ, రోమునాటిది. కాలిన మట్టికి కూడా అయస్కాంత గుణం బలంగానే ఉంటుంది. తెలియనివాడు ఇనుముని చూసి బట్టీ అనుకోవచ్చు. బట్టీ అంటే మాత్రం ప్రభుత్వం ఊరుకోదు. సిమెంటు ఆపించి, పురావస్తు శాఖ ఇన్స్పెక్టరుని పంపి, గుంట తవ్వించి చూస్తుంది. మూడేళ్ళ కిందట పోయిన మనిషికోసం పార ఎత్తని దేశం, రెండువేల ఏళ్ళ కిందటి పెంకుకోసం గొడుగు పట్టుకుని వస్తుంది.

వెనకాల సోపుగింజల వాసన వచ్చింది.

మాష్టారు ఎంతసేపటినుంచి నిలబడి ఉన్నాడో. కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ మైదానంలో బట్టీని ఆయనకన్నా బాగా గుర్తుపట్టేవాడు పుట్టలేదు. చీకట్లో కాలితో తడిమి అది పెంకులదో కూజాలదో చెబుతాడని పొతీతో అనేవాడు, ఆ ఒక్క కథలో అబద్ధం తక్కువ. కోరా తెర ఆర్పబోయింది.

"ఉంచు," అన్నాడు. వంగి చూశాడు. "బట్టీ నోరు ఎటుంది?"

కోరా తను గీసిన ఎర్ర గుండ్రం వంక చూసింది.

"నోరు లేని బట్టీ ఎక్కడైనా ఉందా అమ్మా? మంట ఎక్కణ్ణుంచి పెడతారు? వచ్చేది ఇన్స్పెక్టరు స్కిరాల్ది. ఆవిడ మొట్టమొదట అదే అడుగుతుంది." ఆమె చేతికింద ఉన్న, తెరమీద గీసే కలం తనే తీసుకుని, గుండ్రటి గీతకి పడమటి పక్కన చిన్న నోరు గీశాడు, జాగ్రత్తగా, బట్టీ కట్టే మనిషి మంట పెట్టడానికి కంత ఎలా వదులుతాడో అలాగే. కింద సంతకం పెట్టాడు. పెట్టి, గింజలు నములుతూ కిందకి దిగిపోయాడు.

*

తవ్వే రోజున యంత్రం లేదు, కాబట్టి ఇనుముకి అడ్డు లేదు. బకారీ చేతికి కడియం ఉంది. ఏమని చెప్పి తీసుకొచ్చిందో కోరాకే సరిగ్గా తెలీదు. "బావి పక్కన చూస్తున్నారు, రా" అంది, అంతే. వచ్చాడు. బస్తీనుంచి ఇంకెవరినీ తీసుకురాలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

ఇన్స్పెక్టరు స్కిరాల్ది బూట్లనిండా పాత తవ్వకాల బురద ఎండిపోయి ఉన్న మనిషి, మాట పొదుపు. దొన్ ఎర్మీనియో పొలం గట్టున కారు ఆపి, అద్దం ఎత్తుకుని లోపలే కూర్చున్నాడు. అవతల రోడ్డుమీద సిమెంటు లారీ బొజ్జ తిప్పుకుంటూ ఎదురుచూస్తోంది. పొతీతో గట్టుమీద, ఎప్పుడూ కూర్చునే చోటే, కానీ నిలబడి ఉన్నాడు. కథ ఒక్కటీ చెప్పలేదు.

తవ్వే బండి మట్టిని పొరలు పొరలుగా గీకింది. కుళ్ళిన టమాటాల పొర. దున్నిన పొర. తర్వాత తెల్లటి గట్టి రాతినేల, దాన్ని కోసుకుంటూ కందకం అంచు, గీత గీసినట్టు. మాష్టారు చెప్పినచోటే. ఎవరో ఒక రైతు తన గొర్రెలు బయటికి పోకుండా రెండువేల ఏళ్ళ కిందట తవ్వుకున్నది. నడుములోతు వచ్చింది. పెంకు ముక్కలు రెండు. మసి లేదు, బూడిద లేదు, కాలిన మట్టి లేదు.

స్కిరాల్ది గుంటలోకి దిగింది. తాపీతో గోడ గీకి చూసింది. కోరా గుంట అంచుకి జరిగింది.

"ఇక్కడ మట్టి కలిసిపోయి ఉంది. ఎవరో ఇదివరకే తవ్వి పూడ్చారు," అంది ఇన్స్పెక్టరు. "దొంగ తవ్వకాలవాళ్ళు. ఉన్నదేదో ఎత్తుకుపోయారు."

"ఇంకొంచెం దిగి చూద్దాం," అన్నాడు మాష్టారు.

"దేనికి మాష్టారూ? బట్టీ అన్నాక మసి ఉండొద్దా? ఇనుముని చూసి బట్టీ అనుకున్నారు మీరు." ఆమె గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. అదే అధ్వాన్నం. "విశ్రాంతి తీసుకోవలసిన వయసు వచ్చింది మనందరికీ."

మాష్టారు తలవంచుకుని ఆ మాట మింగాడు. గింజలు నమలడం మానేశాడు.

"పూడ్చెయ్యండి," అంది ఇన్స్పెక్టరు పైకి ఎక్కుతూ. తవ్వే బండి చెయ్యి ఎత్తి పక్కనున్న మట్టికుప్ప వైపు తిరిగింది. రోడ్డుమీద లారీ ఇంజను గేరు మార్చింది. బకారీ కోరా వంక చూశాడు, కోపంగా కాదు, బస్సు దాటిపోయాక నిలబడ్డవాడు చూసినట్టు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పాలి? చెప్పడానికి ఏం ఉంది?

"ఇంకో మూరెడు."

అందరూ గట్టువైపు తిరిగారు.

కారు అద్దం కిందకి దిగింది. "పొతీతో!"

పొతీతో అటు చూడలేదు. గట్టు దిగి మేకుల బూట్లతో పొలంలోకి వచ్చాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. గుంట అంచున నిలబడ్డాడు.

"ఇంకో మూరెడు దిగాలమ్మా. ఎడమపక్కకి," అన్నాడు ఇన్స్పెక్టరుతో. "ఆ బండి వద్దు. పారతో. నెమ్మదిగా."

"నీకెలా తెలుసు?"

దేనికైనా క్షణంలో ఒక కథ కట్టగల మనిషి.  టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

 మాష్టారు వెళ్ళి బండిలోంచి పార తెచ్చాడు. పొతీతో దానికోసం చెయ్యి చాచాడు. కానీ ఆ పారని మధ్యలోనే బకారీ అందుకున్నాడు. ముసలాయన మొహంలోకి ఒకసారి చూశాడు. రొట్టె ఇచ్చేటప్పుడు తిప్పుకున్న మొహం ఇప్పుడు తిప్పుకోలేదు.

బకారీ గుంటలోకి దిగబోయి ఆగాడు. పార నేలకి ఆనించి, సీసాలో నీళ్ళు మణికట్టుమీద పోసుకున్నాడు. వేళ్ళు దగ్గరకి నొక్కి, తిప్పుతూ, కడియం తీశాడు. ఈ రోజు అక్కర్లేదని ఎవరైనా చెప్పుండాల్సింది. ఎవరూ చెప్పలేదు. తెచ్చి కోరా చేతిలో పెట్టి, దిగాడు.

ఆమె పిడికిలి బిగించింది. కడియం వెచ్చగా ఉంది. కింద పార నెమ్మదిగా పడుతోంది, లేస్తోంది, పడుతోంది. మట్టి మెత్తగా ఉన్నంతసేపూ చప్పుడు లేదు. తర్వాత, ఇనుముమీద ఇనుము తగిలింది.